మొండెం మలుపులో పెళ్లిచూపులు

హొగెనకల్ జలపాతానికి దిగే ఘాట్ రోడ్డులో, ఇంకాస్త పోతే ఏరే అన్న చోట, ఒక మలుపుంది. దాన్ని మొండెం మలుపంటారు. పేరు పెట్టినవాళ్లెవరో గానీ కడుపులో ఏదీ దాచుకునే రకం కాదు. పొద్దు వాలాక అక్కడ ఒకటి నడుస్తుందట. కాళ్లుంటాయి. నడుముంటుంది. భుజాల పైన మాత్రం — ఏమీ ఉండదు. ఒట్టి చీకటి... అదీ గుండ్రంగా.

లారీవాళ్లు అక్కడ హారన్ కొట్టరట, దానికి కోపం వస్తుందని. పెన్నాగరం సంతకు పోయొచ్చే ఆడవాళ్లు ఆ మలుపు దగ్గర మాటలు ఆపేస్తారట. సంత నుంచి వచ్చేవాళ్లు మాటలు ఆపేశారంటే ఇక మీరే ఊహించుకోండి.

ఈ కబురు నతానియేల్ చెవిన వేసింది పిల్లమ్మ. ఎలక్ట్రానిక్ సిటీ వెనక సందులో అతనుండే పీజీలో వంటమనిషి. హోసూరు పక్క పల్లె ఆమెది. సాంబారులో గరిటె తిప్పుతూ చెప్పింది:

"సందేళప్పుడు ఆ దావన పోవద్దప్పా. ఎదురుగా వచ్చేస్తాది. తల ల్యా. పలకరించినావంటే పలుకుతాది."

"తల లేకపోతే నోరెక్కడిది పిల్లమ్మా?" అన్నాడు నతానియేల్, నవ్వే ప్రయత్నంలో.

"అదే కదప్పా బయం!"

నతానియేల్ ఆ పూట రెండో ఇడ్లీ ముట్టలేదు.

మన నతానియేల్ గురించి రెండు ముక్కలు చెప్పుకోవాలి. ఒంగోలు కుర్రాడు. సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ ఉద్యోగం. పగటిపూట అతనంత ధైర్యవంతుడు బెంగళూరులో దొరకడు. మేనేజర్‌తోనే వాదిస్తాడు. రాత్రయ్యాక మాత్రం గదిలో లైటు ఆర్పనివ్వడు. బైబిలు చదువుకోవడానికట. బైబిలు మాత్రం దిండు కింద ఉంటుంది, కళ్లు మూసి ఉంటాయి, లైటు వెలుగుతూనే ఉంటుంది.

అదేమంత నేరం కాదు. జాయ్‌ని ప్రేమించకపోయి ఉంటే ఎవరికీ తెలిసేదీ కాదు.

జాయ్ నర్సు. ఆమె నాన్న ఇమ్మానుయేలు గారు ఊళ్లో పాస్టరు. పిల్లాణ్ని చూసి అవునో కాదో తేల్చే పని కొడుకు ఫిలిప్‌కి అప్పజెప్పాడాయన. ఫిలిప్ మహదేవపుర వైపు ఒక స్కూల్లో డ్రిల్లు మాస్టారు. విజిల్ మెడలో లేకపోయినా ఉన్నట్టే మాట్లాడతాడు. ఒకరోజు చెప్పాపెట్టకుండా పీజీకి వచ్చి వాకబు చేశాడు. పక్క మంచం మునిరాజు, పాపం, స్నేహితుణ్ని పొగుడుదామనే అనుకున్నాడు.

"శానా మర్యాద సార్ మావోడికి. రాత్రి బాత్రూముకు పోవాలన్నా నన్ను లేపి, చెప్పి, నన్ను తోడు తీసుకోనే పోతాడు."

అంతే. ఫిలిప్ మొహం గంటు పెట్టుకున్నాడు.

ఆ సాయంత్రం జాయ్ ఫోను చేసింది.

"అన్నయ్య ఏమంటున్నాడో తెలుసా? అర్ధరాత్రి డ్యూటీ దిగే పిల్లను ఇంటికి తీసుకురావాల్సినవాడు, తనకే తోడు వెతుక్కుంటే ఎలాగా అంటున్నాడు. ఆదివారం నాన్నకి ఫోన్ చేసి వద్దని చెప్పేస్తాడట. నెల్లూరు సంబంధం ఒకటి చూసి పెట్టారు."

"నేను భయపడే రకం కాదని చెప్పు జాయ్."

"నాతో అంటే నమ్ముతాను, నాకేం పోయింది! అన్నయ్యకి చూపించు. శనివారం ఎక్కడికైనా తీసుకుపో. అడవో, కొండో..."

అలా కుదిరింది హొగెనకల్ ప్రయాణం. పిల్లమ్మ మలుపు కబురు చెప్పేసరికే నతానియేల్ మాట ఇచ్చేశాడు. అబ్బాయి అమ్మాయిని చూసే పెళ్లిచూపులు మనం చాలా చూశాం. ఇవి బావమరిది, అబ్బాయి గుండెకాయను చూసే పెళ్లిచూపులు.

శనివారం నతానియేల్ వీపున కొత్త బ్యాక్‌ప్యాక్ ఎక్కింది. హిమాలయాలకు పోయేవాడికి కూడా అంత పెద్దది అక్కర్లేదు. గ్లూకోజు పొట్లాలు, దోమల చుట్టలు, రెయిన్‌కోటు, గోంగూర పచ్చడి, బైబిలు — అన్నీ సర్దాడు. అన్నింటికంటే ముఖ్యమని టార్చిలైటును అన్నింటికంటే ముందు పెట్టాడు. అంటే అన్నింటికంటే అడుగున.

పొద్దున్నే బయల్దేరి ఉంటే ఈ కథే లేదు. ఫిలిప్‌కి స్కూల్లో ఏదో మీటింగు. మధ్యాహ్నానికి గానీ బస్సెక్కలేదు. హోసూరు దగ్గర సరిహద్దు చెక్‌పోస్టులో లారీల బారు. ధర్మపురిలో ఒక బస్సు మారారు, పెన్నాగరంలో ఇంకోటి. దారి పొడుగునా నతానియేల్ దయ్యాలు లేవని శాస్త్రీయంగా నిరూపిస్తూనే ఉన్నాడు. ఫిలిప్ "ఊఁ బ్రదర్... ఊఁ బ్రదర్" అంటూనే ఉన్నాడు. పెన్నాగరం దాటేసరికి కిటికీలో అడవి నల్లబడింది.

ఘాట్ దిగుతుండగా బస్సు రెండుసార్లు దగ్గింది. మూడోసారి దగ్గకుండానే ఆగిపోయింది.

"వెనక ఇంకో బండి వస్తుంది, కూర్చోండి," అన్నాడు కండక్టరు. "తొందరున్నవాళ్లు దిగి నడవొచ్చు. ఆ కనపడేవి ఊరి లైట్లే. మలుపు తిరిగితే వచ్చేస్తుంది."

మలుపు... అన్న మాట వినగానే బస్సంతా తొందర లేనివాళ్లయిపోయారు. ఒక ముసలమ్మ కిటికీ రెక్క కిందికి లాగేసుకుంది.

ఫిలిప్ తల తిప్పి చూశాడు. "ఏం బ్రదర్... నడుద్దామా?"

నతానియేల్ నాలుక 'కూర్చుందాం' అనడానికి తయారుగా ఉంది. కళ్ల ముందు నెల్లూరు సంబంధం కదిలింది. టై కట్టుకుని ఉన్నాడు వాడు.

"నడవకుండా?" అన్నాడు.

దిగారు. బస్సు లైట్లు వెనకబడ్డాయి. చెట్ల అవతల ఎక్కడో ఏరు దూకుతున్న హోరు. అంత హోరులోనూ తన బూట్ల చప్పుడు తనకు వినిపించడం నతానియేల్‌కి ఏమాత్రం నచ్చలేదు.

"టార్చి ఉందన్నావు?" అన్నాడు ఫిలిప్. గొంతు కాస్త తగ్గింది.

"ఉంది... అడుగున."

"తియ్యి మరి."

"తియ్యాలంటే ఆగాలి."

ఆగుదామని ఇద్దరిలో ఎవరూ అనలేదు.

మలుపు వచ్చింది. ఒక పక్క కొండ, ఒక పక్క లోయ, మధ్యలో గాలి కూడా ఆగిపోయినట్టుంది.

అప్పుడు వినిపించింది —

తప్... తప్... తప్...

కింది నుంచి పైకి. తొందర లేకుండా. దారి తనదే అన్నట్టు.

"ఆవేమో," గుసగుసలాడాడు ఫిలిప్.

ఆవుకి నాలుగు కాళ్లు. వస్తున్నదానికి రెండే.

మెల్లగా తేలింది అది. బక్క కాళ్లు. మోకాళ్ల పైదాకా బట్ట. నడుము... దాని పైన... దాని పైన తల లేదు. మెడ లేదు. రోడ్డుకు అడ్డంగా, ఆకాశంలోంచి కోసి పెట్టినట్టు, ఇంత పెద్ద నల్లటి గుండ్రం. కాళ్లు కదిలితే ఆ గుండ్రం కూడా ఊగుతోంది.

నతానియేల్ ఒంట్లో ఉన్న శాస్త్రమంతా ఆ క్షణాన చెమటై కారిపోయింది. మిగిలింది ఒక్కటే, చిన్నప్పటి నుంచి చర్చిలో నేర్చుకున్నది. కళ్లు గట్టిగా మూశాడు. రెండు చేతులూ పైకెత్తాడు. ఆదివారం మైకు పట్టుకున్నవాళ్లు కూడా అంత గట్టిగా ప్రార్థన చెయ్యరు.

"ప్రభువా! మా ఎదుట ఉన్న ఈ చీకటి శక్తిని తొలగించు తండ్రీ! నేను పాపినే తండ్రీ! మేనేజర్‌కి జ్వరమని అబద్ధం చెప్పి సెలవు పెట్టాను తండ్రీ! ఇకమీదట చెప్పను! మమ్మల్ని క్షేమంగా దాటించమని యేసు నామమున అడిగి వేడుకొనుచున్నాము తండ్రీ..."

ఆగాడు. అలవాటు ప్రకారం.

"...ఆ...మే...న్."

పాడుబడ్డ బావిలోంచి వచ్చినట్టుంది ఆ గొంతు. వచ్చింది ఫిలిప్ వైపు నుంచి కాదు. మొండెంలోంచి.

తర్వాత జరిగినవన్నీ ఒకేసారి జరిగాయి. ఫిలిప్ భుజాన ఉన్న బ్యాగు నేల మీద పడింది. ఫిలిప్ మాత్రం నేల మీద లేడు. స్కూలు పిల్లలకు పరుగు నేర్పే మనిషి ఎంత వేగంగా పరుగెత్తగలడో ఆ కొండకు ఆ రాత్రి తెలిసింది. వచ్చిన దారినే పైకి, అరుపు కూడా వెనకబడిపోయేంత వేగంగా.

నతానియేల్ ఉన్నచోటే ఉన్నాడు. చేతులు పైకే ఉన్నాయి. మోకాళ్లు పనిచెయ్యడం మానేసి చాలాసేపయింది. కానీ ఆ సంగతి మోకాళ్లకూ అతనికీ మాత్రమే తెలుసు. చీకట్లో చూసేవాళ్లకు కదలలేనివాడూ కదలనివాడూ ఒకేలా కనపడతారు.

మొండెం అతని ముందుకొచ్చి ఆగింది. వంగింది. నల్ల గుండ్రం కింద పడి, బోర్లించిన బుట్టలా రోడ్డు మీద ఊగింది. దాని స్థానంలో — నెరిసిన మీసంతో సహా — ఒక తల మొలిచింది.

"ఎవురప్పా మీరు? యాల ఆ మనిషి అట్ల పరిగెత్తినాడు?"

పుట్టి. వెదురుతో అల్లి, తారు పూసిన గుండ్రటి పడవ. జలపాతం కింద జనాన్ని తిప్పేది అదే. రాత్రి ఒడ్డున వదిలేస్తే, పైన వాన పడి ఏరు పెరిగితే తీసుకుపోతుందని, పడవవాళ్లు పని దిగాక దాన్ని బోర్లించి తల మీద పెట్టుకుని, కొండ మీది పల్లెకు మోసుకుపోతారట. అతని పేరు చిన్నప్ప.

"మరి... ఆమేన్?" అన్నాడు నతానియేల్, నోట్లో తడి చూసుకుని.

"ప్రార్థన చేస్తా ఉంటే ఆమేన్ అనకుండా ఎట్ల పోయేదప్పా? తప్పు గదా! మాదీ మాతా గుడే, యేసు తల్లి గుడి." చిన్నప్ప పుట్టి అంచు మీద చెయ్యేసి నవ్వాడు. "మొండెం అనుకొంటిరా? మా నాయన కాలం నుంచీ ఆ మొండెం మేమే. ఒగురూ దగ్గరికొచ్చి అడగరు. మేమూ చెప్పం. దొంగలు రాకుండా ఉండాది."

నవ్వు వినిపించి ఫిలిప్ తిరిగొచ్చాడు. పరుగున పోయినవాడు షికారుకొచ్చినట్టు వచ్చాడు. పుట్టిని చూశాడు. చిన్నప్పను చూశాడు. చేతులు దించిన నతానియేల్‌ను చూశాడు.

"కదల్లేదా నువ్వు?"

"ఎందుకు కదలడం?" అన్నాడు నతానియేల్. అబద్ధాలాడనని దేవుడికి మాటిచ్చి అయిదు నిమిషాలు కూడా కాలేదు.

ఫిలిప్ గొంతు సవరించుకున్నాడు. "నేను... బస్సుకు చెప్పొద్దామని. దారి సేఫే అని."

"అరుస్తూ చెప్పారు కదా. వినపడే ఉంటుంది."

ఫిలిప్ చాలా లెక్కలు వేసుకున్నట్టున్నాడు. ఈ సంగతి జాయ్‌కి తెలిస్తే, ఆమె నుంచి నాన్నకు తెలిస్తే, నాన్న నుంచి సంఘానికి తెలిస్తే...

"రేపు నాన్నకి ఫోన్ చేస్తాను," అన్నాడు చివరికి. "పిల్లాడు గట్టివాడని చెప్తాను. ఇక్కడ జరిగింది ఇక్కడే."

"ఇక్కడే," అన్నాడు నతానియేల్. గుండెలో గంటలు మోగుతున్నాయి.

చిన్నప్ప మళ్లీ పుట్టి ఎత్తుకోబోయి ఆగాడు. అటూ ఇటూ చూశాడు.

"ఆ పాప యాడికి పోయె?"

"ఏ పాప?"

"మీతో వచ్చింది గదప్పా. దీని కింద ఉంటే మాకు మొగాలు కనపడవు, కాళ్లే కనపడేది. రెండు జతల బూట్లు... నడాన ఒక జత ఒట్టి కాళ్లు. మెట్టెలు పెట్టుకోనుండె. నీళ్లలోంచి వచ్చినట్ల తడి తడిగా..."

ఇద్దరూ తమ మధ్య ఖాళీ వైపు చూశారు.

"ముందర పోయిందేమోలే," అనేసి చిన్నప్ప పుట్టి కిందికి దూరాడు. తప్... తప్... మని మలుపు తిరిగిపోయాడు.

"ఆటపట్టిస్తున్నాడు," అన్నాడు ఫిలిప్.

"అంతేగా మరి," అన్నాడు నతానియేల్.

బస్సుకు తిరిగిపోదామా అంటే, అందరి ముందూ మగాళ్లలా దిగొచ్చారు. ఊరి లైట్లే నయం. ఫిలిప్ తన బ్యాగు సంగతే మరిచిపోయి నడక మొదలుపెట్టాడు. నతానియేల్ దాన్నొక చేత్తో ఎత్తుకున్నాడు. వీపు తడిసి అంటుకుపోతుంటే తనదీ విప్పి రెండో చేత్తో పట్టుకున్నాడు. పక్కపక్కనే దిగుతున్నారు. ఒకరి మొహం ఒకరికి కనపడటం లేదు.

కొంత దూరం పోయాక ఫిలిప్ గొంతు వినిపించింది. అంత మెత్తగా అతను మాట్లాడటం నతానియేల్ ఎప్పుడూ వినలేదు.

"బావా..."

నతానియేల్ ఒళ్లు ఝల్లుమంది, ఆనందంతో. బావ! అనేశాడు! నెల్లూరు టై గాలికి ఎగిరిపోయింది.

"ఏం బావా?"

"ఏమనుకోకు. నా చెయ్యి మరీ అంత గట్టిగా పట్టుకోకు. నొప్పి పుడుతోంది."

నతానియేల్ కుడిచేతి వైపు చూసుకున్నాడు. బ్యాగు. ఎడమచేతి వైపు చూసుకున్నాడు. బ్యాగు.

నిజం నాలుక దాకా వచ్చింది. చెప్తే ఫిలిప్ మళ్లీ పరుగెత్తుతాడు. పరుగెత్తితే రేపటి ఫోను ఉండదు. ఫోను లేకపోతే జాయ్ లేదు.

"సరే బావా," అన్నాడు, గొంతు వణక్కుండా చూసుకుంటూ. "కాస్త వదులుగా పట్టుకుంటాలే."

చీకట్లో ఫిలిప్ హాయిగా ఊపిరి వదిలాడు.

"ఆఁ... ఇప్పుడు బాగుంది."