మూడో ప్రకటనకి లేచేదెవరు?

మకస్సర్ విమానాశ్రయంలో వాన ఆగేటట్టు లేదు. కెందారి విమానం ఆలస్యమని రెండుసార్లు చెప్పారు, క్షమించమన్నారు, ఊరుకున్నారు. తెన్రి ఒళ్ళో బ్యాగు పెట్టుకుని, చేసే పనేమీ లేక, చుట్టూ ఉన్న మనుషుల్ని చూస్తూ కూర్చుంది.

చూడ్డానికి కొదవేముంది! ఒకావిడ పిల్లాడి మీది కోపం సూట్‌కేసు మీద చూపిస్తోంది. ఒక లావుపాటి ఆఫీసరు చేతి వాచీ చూసుకుని, గోడ గడియారం చూసి, రెండూ అబద్ధమే చెప్తున్నాయన్నట్టు సెల్‌ఫోన్ తీస్తున్నాడు. ఎదుటి వరసలో తెల్లటోపీ హాజీగారు చేతికర్రతో నేలమీద టకటకా కొడుతున్నారు. మూడో ప్రకటన రాగానే కౌంటర్ మీదికి మొదట లేచేది ఈ తాతేనని తెన్రి మనసులో పందెం కాసింది.

కాశాక గానీ గుర్తురాలేదు, అవతల పందెం ఒప్పుకునే మనిషి లేడని.

ఐదేళ్ళ కిందట ఇదే హాలు, ఇలాంటి వానే. పక్క కుర్చీలోని పరాయి కుర్రాడు ఉన్నట్టుండి, "మూడో ప్రకటనకి ఎవరు లేస్తారో చెప్పండి చూద్దాం. ఓడినవాళ్ళు బన్ను ఇచ్చేయాలి" అన్నాడు. విమానం ఆలస్యమైతే అందరికీ ఇచ్చే చిన్న అట్టపెట్టెలో ఒక బన్నూ, ఒక నీళ్ళ కప్పూ ఉంటాయి. ముక్కూ మొహం తెలియనివాడితో పందెమేమిటని తెన్రి మూతి ముడిచింది. పది నిమిషాలయ్యాక ఎర్రచొక్కా ఆయన్ని చూపించింది. గెలిచింది. ఆ బన్ను తింటూ నవ్వీ నవ్వీ పొలమారింది.

ఆ కుర్రాడే అస్దర్. రేవులో ఓడల ఇంజన్లు బాగుచేసేవాడు. ఆ తర్వాత రెండేళ్ళు, ఆదివారం వచ్చిందంటే సముద్రపు గట్టున కాల్చిన అరటిపళ్ళు తింటూ, వచ్చేపోయే వాళ్ళ మీద పందేలు. అంత హాయిగా తెన్రి మళ్ళీ ఎప్పుడూ నవ్వలేదు.

తిరకాసు ఒక్కటే. వాళ్ళ బుగిస్ తెగలో పిల్లనడగడానికి పిల్లాడు తనంతట తాను వెళ్ళకూడదు. ఒక పెద్దమనిషి ముందు వెళ్ళి, పిల్ల ఇంకెవరికైనా కుదిరిందా అని పువ్వు మీద పెట్టి మాట కదపాలి. అస్దర్‌కి తండ్రి లేడు. ఉన్న ఒక్క మేనమామా ఓడ ఉద్యోగంలో ఉన్నాడు. మామయ్య ఈ నెల వస్తాడు, వచ్చే నెల వస్తాడు అంటూ రెండేళ్ళు నెట్టుకొచ్చాడు. చివరికి ఒకరోజు తెన్రికి ఒళ్ళు మండింది. "నీకు ఆలస్యమంటే ఆట. కూర్చుని కూర్చుని అలిసిపోయేది నేను" అనేసి వచ్చేసింది.

మూడేళ్ళయింది. రేపు కెందారిలో వాళ్ళింటికి వేరే సంబంధం వాళ్ళు వస్తున్నారు. ఎవరో బ్యాంకు ఆయన, మంచివాడేనట. అమ్మ రమ్మంది, తెన్రి సరేనంది.

ఈసారీ అట్టపెట్టెలు పంచారు. తెన్రి బన్ను చేతిలోకి తీసుకునేసరికి మూడో ప్రకటన వచ్చింది. ఇంకో రెండు గంటలట. హాజీగారు కర్ర ఊతంగా లేవబోతున్నారు. ఈలోగా వెనక వరసనుంచి ఒక మనిషి దూసుకుపోయి, కౌంటర్ మీద రెండు చేతులూ ఆన్చాడు. భుజం మీద ఎర్రతాడు కట్టిన అట్టపెట్టె. అయ్యో, ఓడిపోయానే అనుకుంది తెన్రి.

ఆ మనిషి నోరు విప్పాడు. అంతే, తెన్రి చేతిలో బన్ను చేతిలోనే ఉండిపోయింది.

"అమ్మా, ఇవాళ నేను కెందారి చేరాలి. రేపు పొద్దున్న ఆ ఇంట్లో వేరేవాళ్ళకి మాట ఇచ్చేస్తారు. ఇన్నేళ్ళూ ఆలస్యం చేసింది నేనే, ఒప్పుకుంటాను. ఈ ఒక్కరోజు మీరు చెయ్యకండి."

కౌంటర్ అమ్మాయి పాపం, వానకేసి చూపించింది. పక్కకి చేరిన హాజీగారు తన గొడవ మరిచిపోయి, ఎవరింటికి, ఏం పని అని ఆరా తీశారు. అస్దర్ ఏమీ దాచలేదు. మామయ్య నిరుడు సముద్రం మీదే పోయాడనీ, ఇక ఎవరికోసం ఆగాలో తెలియకే ఆగిపోయాననీ, మొన్న ఆ పిల్ల చెల్లెలు ఫోన్ చేసి నాలుగు చీవాట్లు పెట్టాక, పరువు పోతే పోనీ అని ఒక్కడే బయల్దేరాననీ చెప్పాడు.

"ఒక్కడివే వెళ్తే గుమ్మంలోనే నిలబెడతారురా అబ్బాయ్" అన్నారు హాజీగారు. "నాకు నలుగురు కూతుళ్ళు. ఆ మాట నా గడపలో నాలుగుసార్లు విన్నాను. ఎలా అడగాలో నాకు తెలుసు. నేనొస్తా పద."

తెన్రి బ్యాగు కుర్చీలో వదిలింది. లేచి వెళ్ళి, తన బన్ను కౌంటర్ మీద పెట్టింది.

"తాతగారు లేస్తారనుకున్నాను. నువ్వు లేచావు. ఓడిపోయాను, తీసుకో."

అస్దర్ తిరిగి చూశాడు. భుజం మీది పెట్టె జారి, తాడు తెగి, తెన్రి వాళ్ళమ్మ కోసం కొన్న బిస్కెట్ల డబ్బా హాలంతా దొర్లింది. ఎవరూ దాని వెంట పడలేదు.

హాజీగారు ఇద్దర్నీ మార్చి మార్చి చూశారు. అడగాల్సింది పిల్ల తండ్రిని, పిల్లని కాదు. ఆ సంగతి ఆయనకి తెలియంది కాదు. అయినా టోపీ సర్దుకుని, పెద్దమనిషి గొంతు తెచ్చుకున్నారు.

"మీ ఇంట తెల్లపువ్వు నిండుగా విచ్చిందని విన్నాం తల్లీ. దానికి కంచె కట్టారా?"

ఆఫీసరు ఫోన్ దించేశాడు. సూట్‌కేసు ఆవిడ పిల్లాడి నోరు మూసింది.

తెన్రి కళ్ళు నిండాయి. ఈ మాట కోసం రెండేళ్ళు ఎదురుచూసింది, మూడేళ్ళు మరిచిపోవాలని చూసింది.

"ఇంకా లేదు తాతా" అంది. "ఇదే మాట రేపు మా నాన్నని అడగండి. వాళ్ళకంటే ముందే రావాలి. ఈసారి ఆలస్యమైతే నేను ఊరుకోను."

అస్దర్ బన్ను తుంచబోయాడు. సగానికి సగం రాలేదు. పెద్ద ముక్క తెన్రి చేతిలో పెట్టాడు.

హాజీగారు కౌంటర్ వైపు తిరిగి కర్రతో నేలమీద గట్టిగా ఒక్కటి కొట్టారు.

"ఇప్పుడు చెప్పమ్మా, మా పెళ్ళివారి విమానం ఎన్నింటికి?"