మాట పెట్టెలో కాస్త ఆలస్యం

తెర మీద ఎర్ర అక్షరాలు బిలబిలమంటూ దిగుతున్నాయి. ఎవరో ఎప్పుడో సీ భాషలో రాసి వదిలేసిన పాత మాట పెట్టె ప్రోగ్రాం, కొత్త పెట్టె ఆపరేటింగ్ సిస్టం మీద బిల్డ్ అయి నడవనంటే నడవనని మొండికేసింది. డాక్టర్ రెబెకా నిట్టూర్చింది. ఎదురుగా బెంచీ మీద సింహాద్రి, పక్కన ఆయన భార్య నూకరత్నం.

సింహాద్రి ఒకప్పుడు విశాఖ సిటీ బస్సులో కండక్టర్. గొంతు ఆపరేషన్‌తో మాట పోయింది. మెడకి కట్టుకున్న పెట్టె పెదాల కదలికల్ని పట్టుకుని ఆయన బదులు మాట్లాడుతుంది. ఇప్పుడది చివరి ఊపిరి మీద ఉంది. చేసిన కంపెనీ మూతపడింది. ఇది ఆగితే ఆయనకి మళ్లీ మాట లేనట్టే.

"పాత ప్రోగ్రాం తీసి కొత్త పెట్టెలో పడేస్తే పోదేటమ్మా?" అంది నూకరత్నం.

"పడెయ్యడానికి అదేం బియ్యం బస్తానా పిన్నీ!"

నిజమే మరి. సీ భాష అన్నిచోట్లా ఒకటే అయినా ఒక్కో సిస్టంది ఒక్కో పద్ధతి. అందుకే రెబెకా 'వారధి' అనే సాఫ్ట్‌వేర్ తయారుచేసింది. కొత్త వంటింట్లో దిగిన మనిషి ఉప్పెక్కడ, పోపుల డబ్బా ఎక్కడ అని అడిగినట్టు, వారధి ముందు చిన్న చిన్న ప్రోగ్రాములు నడిపి మెషీన్ని ఆరా తీస్తుంది. నీ గడియారం ఎలా చదవాలి? శబ్దం ఎలా పలికించాలి? జవాబుల్ని బట్టి కోడ్‌ని సర్ది బిల్డ్ చేస్తుంది. ఎక్కడైనా సరే!

రెబెకా వారధికి ఇంకో ప్రశ్న చేర్చి మళ్లీ నడిపింది. ఎర్ర అక్షరాలు పోయాయి. హమ్మయ్య! కొత్త పెట్టెని సింహాద్రి మెడకి కట్టింది.

"ఏం తీసుకుంటారు బాబాయ్?"

సింహాద్రి పెదాలు కదిలాయి. "కాఫీ..." అని నూకరత్నం అనబోయేలోగానే, "మజ్జిగ" అంది కొత్త పెట్టె.

ఆమె బిత్తరపోయింది. "ఇన్నేళ్లలో ఒక్కసారైనా తప్పానా? నేనేటంటే పెట్టె కూడా అదే అనీది కదా! నాకీయన తెలీకుండా పోయాడేటి?" కళ్లు తుడుచుకుంటూ వరండాలోకి వెళ్లిపోయింది.

"పాత పెట్టె నెమ్మదమ్మా," అన్నాడు సింహాద్రి. "నా మాట బయటికొచ్చేలోగా మీ పిన్నే చెప్పీసీది. తప్పైతే పెట్టె మీది బొత్తాం నొక్కి నా మాట ఆపీసి, తనన్నదే అనీవాణ్ణి."

"ఎందుకు బాబాయ్?"

"మాట పోయినప్పుడు చచ్చిపోదామనుకున్నాను. 'నువ్వు చెప్పక్కర్లేదు, నీ మనసు నాకు తెలుసు' అంది. ఆ మాట పట్టుకునే బతికాను. అది తప్పని తనకెలా చెప్పను?"

రెబెకా తెర వంక చూసింది. పాత కోడ్‌లో మాటకి ముందు కాస్త ఆగమని ఒక వరస ఉంది. 'ఇది నీకు అవసరమా?' అని వారధి కొత్త మెషీన్ని అడిగింది. మెషీన్ అక్కర్లేదంది. వారధి తీసేసింది. మనుషుల్ని అడగాలని ఎవరికీ తోచలేదు.

ఆ వరస మళ్లీ పెట్టి, బొత్తాం సరిచూసి, వరండాలోకి కేకేసింది. "పిన్నీ, తప్పు పెట్టెదే! సరిచేశాను, రండి. ఏం తీసుకుంటారు బాబాయ్?"

ఆయన పెదాలు కదిలాయి.

"కాఫీ?" అంది నూకరత్నం, భయంభయంగా.

ఆయన చెయ్యి మెడ సర్దుకున్నట్టు బొత్తాం మీదికి వెళ్లింది. పెదాలు ఇంకోసారి మెదిలాయి. కాసేపటికి పెట్టె పలికింది. "కాఫీ."

"చూశారా డాక్టరమ్మా!" నూకరత్నం మొహం విప్పారింది.

బయట ఎండ మండిపోతోంది. పొగలు కక్కే ఆ కాఫీని సింహాద్రి చుక్క మిగల్చకుండా తాగాడు.