కుడి చేతి బ్రేక్

"ఉస్మానియా బిస్కెట్లలో ఉప్పు తక్కువైంది."

ఫోన్‌లో అంతే. బోయిగూడలో తండ్రి తాజుద్దీన్ సైకిల్ షాపు ముందు కూర్చుని చక్రం వంకర తీస్తున్న జెబా లేచి, చేతులకంటిన గ్రీజు గుడ్డకు తుడుచుకుంది. ఉప్పు తక్కువైతే గంటలో సైనిక్‌పురి చేరాలి. ఎక్కువైతే ఉన్నపళంగా ఊరు వదిలిపోవాలి. ఈ కోడ్ కనిపెట్టిన మహానుభావుడికి షుగర్. బిస్కెట్ ముట్టుకోవడానికి వీల్లేదు, పాపం.

"అబ్బా, జెర బయటికి పోయొస్తా."

కూతురు ట్రావెల్ ఇన్సూరెన్స్ ఆఫీసులో పనిచేస్తుందని తాజుద్దీన్ నమ్మకం. "ఇన్సూరెన్సోళ్లకు ఇంత పరేషాన్ ఏందో!" అని తలెత్తకుండానే గొణిగాడు.

సైనిక్‌పురిలో కాగితం పూల తీగ అల్లుకున్న ఒక పాత ఇంట్లో గూఢచారి విభాగం చీఫ్ యేసురాజు ఎదురుచూస్తున్నాడు. రిటైర్డ్ కల్నల్. ఆయన రిటైరైన సంగతి ఆయన మీసాలకు ఇంకా తెలియదు. గోడ మీద ఒక బొద్దు మనిషి ఫోటో వెలిగింది.

"సత్యదేవ్. యాప్రాల్‌లో ఉంటాడు. ఆర్మీ రేడియో సెట్లు రిపేర్ చేసే కాంట్రాక్టర్. ఒక సైఫర్ కీ కొట్టేశాడు. బొటనవేలంత ఉంటుంది. అది ఎవరి చేతిలో ఉంటే వాళ్ళు మంచుకొండల మీద మన పోస్టుల్లో మాట్లాడే ప్రతి మాటా వినొచ్చు."

"సెట్లల్ల కోడ్ మార్చేస్తే అయిపాయె కద సార్."

"మారుస్తున్నాం. పై పోస్టులకు మనిషి నడిచి వెళ్ళి ఒక్కో సెట్‌కీ మార్చాలి. రెండు వారాల పని. ఈలోగా కీ 'ఆలివ్ రింగ్' అనే రహస్యాలు అమ్ముకునే ముఠా చేతిలో పడితే, మన గస్తీ ఏ దారిన బయల్దేరుతుందో అవతలివాడికి ముందే తెలిసిపోతుంది."

జెబా ఫోటో మీంచి చూపు తిప్పి చీఫ్ వైపు చూసింది. ఆ పోస్టుల్లో ఒకదాంట్లో రేడియో పట్టుకుని కూర్చునేది ఆమె తమ్ముడు ఇస్మాయిల్.

"తెలుసు," అన్నాడు యేసురాజు. "అందుకే నిన్ను పంపొద్దనుకున్నా."

"అందుకే నన్నే పంపాలె సార్."

మీసాల కింద నవ్వు లాంటిది కదిలింది. ఆయన పాయింటర్ స్పెయిన్ మ్యాప్ మీదికి జరిగింది. దొంగతనం బయటపడేలోపే సత్యదేవ్ అక్కడ దిగాడు. అక్కడి పోలీసులకు చెబితే పోయింది ఏమిటో లోకమంతా తెలుస్తుంది. వాడు చేరింది ఒక మౌంటెన్ బైకింగ్ టూర్‌లో. పల్లెల మధ్య మట్టిదారుల్లో సైకిల్ తొక్కడం, నడుమ కల్చరల్ స్టాప్‌లు. ఏదో ఒక స్టాప్‌లో సరుకు చేతులు మారుతుంది.

"కొనడానికి రింగ్ పంపేది మేబెల్‌ని."

"మన మేబెలక్కనా?"

డిపార్ట్‌మెంట్‌లో మేబెల్ పేరు గొంతు తగ్గించి చెప్పుకుంటారు. సికింద్రాబాద్ పిల్ల. ఇరవై ఏళ్ళుగా మాడ్రిడ్‌లో ఉంటూ రింగ్ లోపల మన మనిషిగా పనిచేస్తోంది.

"ఆమె కొన్నట్టు నటించి, కీ నీ చేతికిస్తుంది. నువ్వు ఎంబసీలో అప్పజెప్తావు. అంతకుమించి నీకేం పని లేదు. కళ్ళు మాత్రమే వాడు, చేతులు కాదు. అర్థమైందా?"

"అర్థమైంది సార్," అంది జెబా. ఒప్పుకున్నానని మాత్రం అనలేదు.

"ఇంకోటి, ఆదివారం పొద్దున..."

"తెలుసు సార్."

డిపార్ట్‌మెంట్‌లో తెలియనివాళ్ళు లేరు. ఆదివారం ఆరాధన అయి, భోజనం అయ్యేదాకా చీఫ్ ఫోన్ ఇంట్లో బీరువాలో ఉంటుంది. చర్చి పాటల బృందం కోయిర్‌లో ఆయనది మందమైన బేస్ గొంతు. ఆ పూట యుద్ధమొచ్చినా డ్యూటీ ఆఫీసరే చూసుకోవాలి.

* * *

డిపార్ట్‌మెంట్ ఇచ్చిన గాడ్జెట్లు మూడు. హెల్మెట్‌లో కెమెరా, నీళ్ళ సీసాలో జామర్, గ్లోవ్‌లో మత్తు సూది. మూడూ మొదటి రోజే స్వర్గస్థమయ్యాయి.

తప్పు బ్రేక్‌ది. మన సైకిళ్ళకు కుడి చేతి బ్రేక్ ముందు చక్రానిది, ఎడమది వెనక చక్రానిది. స్పెయిన్‌లో అద్దెకిచ్చిన సైకిల్‌కు సరిగ్గా తలకిందులు. ఎక్స్‌ట్రెమదూరా అనే ఆ ప్రాంతంలో ఓక్ చెట్ల మధ్య ఏటవాలు దారి దిగుతుంటే నల్ల పంది ఒకటి అడ్డొచ్చింది. వెనక చక్రం ఆపుదామని జెబా ఎడమ బ్రేక్ గట్టిగా నొక్కింది. ఆగింది ముందు చక్రం. జెబా హ్యాండిల్ మీదుగా ఎగిరి ముళ్ళపొదలో పడింది. కెమెరా పగిలింది, సీసా చితికింది, సూది వెళ్ళి సైకిల్ సీటులో దిగింది. సీటు హాయిగా నిద్రపోయి ఉంటుంది.

టూర్ గైడ్ పాకో పరిగెత్తుకొచ్చాడు. "ఇది స్పెయిన్, సెన్యోరా. అలవాటు చేసుకోవాలి."

"నేను చేసుకోను. సైకిలే చేసుకుంటుంది."

అక్కడే గట్టున కూర్చుని టూల్ కిట్ విప్పింది. కేబుల్స్ ఊడదీసి కుడిది ఎడమకు, ఎడమది కుడికి మార్చి బిగించింది. టూర్ రూల్స్ ఒప్పుకోవని పాకో మొత్తుకున్నాడు. ఆమె చేతులు బోయిగూడ చేతులు. వాటికి ఏ దేశం రూల్సూ పట్టవు.

సత్యదేవ్ తన బ్యాటరీ సైకిల్ మీద కూర్చుని ఇదంతా వినోదంగా చూశాడు. టూర్‌లో జెబా మారుపేరు ఎలీనా, పుట్టింది గుంటూరు, ఉండేది లండన్, చేసేది ఫిజియోథెరపీ. "మంచిగ బిగిస్తున్నవమ్మా, లండన్ల ఇది సుత నేర్పిస్తరా?" అన్నాడు.

"యూట్యూబ్‌లో చూసి నేర్చుకున్నానండీ," అంది జెబా గుంటూరు మర్యాదతో.

నాలుగు రోజులు వాడి వెనకే తొక్కింది. బెండు చెక్కే పల్లెలో ఆగారు. కొంగలు గూళ్ళు కట్టిన చర్చి గోపురం కింద ఆగారు. పాత నూనె గానుగలో ఆలివ్ నూనె రొట్టెకు అద్దుకుని తిన్నారు. పంది తొడలు వేలాడదీసిన నేలమాళిగలో పాకో పల్చగా కోసిన ముక్క అందిస్తే, జెబా తల అడ్డంగా ఊపింది. ఇది మా ప్రాంతపు గౌరవం అన్నాడు పాకో. నాకూ ఒకటుంది గౌరవం అంది జెబా. ఆ తర్వాత పాకో ఆమెకు అత్తిపళ్ళు తెచ్చిపెట్టాడు.

సత్యదేవ్ ప్రతిచోటా సైకిల్‌ను లోపలికి తోసుకొచ్చాడు. హ్యాండిల్ కుడి గ్రిప్ మీంచి చెయ్యి తియ్యలేదు. కీ ఆ గ్రిప్ లోపలే ఉందని రెండో రోజుకే జెబాకు అర్థమైంది. పక్కకు తోసి లాక్కోవడం చిటికెలో పని. కానీ ఆర్డర్ ఆర్డరే. పళ్ళు బిగించి ఓపిక పట్టింది.

* * *

చివరి స్టాప్ ఆదివారం సాయంత్రం. గుట్ట మీద చిన్న ప్రార్థన మందిరం. చుట్టూ పేర్చినట్టున్న గుండ్లు చూసి జెబాకు మౌలాలి గుట్ట గుర్తొచ్చింది, కాళ్ళకు కాస్త ధైర్యం వచ్చింది. గుట్ట కింద వాగు, వాగు మీద రోమన్ల కాలపు వంతెన, వంతెన అవతల ఇంజన్ ఆపని నల్ల కారు.

పాకో మిగతావాళ్ళను లోపలికి తీసుకెళ్ళి గోడ మీది బొమ్మల కథ మొదలుపెట్టాడు. సత్యదేవ్ మందిరం వెనక్కి జారుకున్నాడు. గోడకు వాడి సైకిల్, దాని పక్కనే ఎర్రటి కొత్త సైకిల్ ఆనించి ఉన్నాయి. చేతులు వాడొద్దన్నాడు చీఫ్. జెబా ప్లయర్ తీసి రెండు సైకిళ్ళ చైన్ల జాయింటు లింకులూ ఊడదీసి జేబులో వేసుకుంది. తన సైకిల్‌ను గేటు దగ్గర నిలబెట్టి గోడ మలుపు తిరిగింది.

నల్ల కళ్ళద్దాలు, మెడలో ఎర్ర సిల్క్ స్కార్ఫ్, చెవులకు ముత్యాలు. సైకిల్ తొక్కి గుట్టెక్కినా మేబెల్ జుట్టు చెదరలేదు. కీ అప్పటికే ఆమె పిడికిట్లో ఉంది. సత్యదేవ్ మెట్టు మీద కూలబడి ఆయాసపడుతున్నాడు.

"ఉప్పు సరిపోయింది," అంది జెబా.

"సరిపోయింది." కోడ్ సరిగ్గా అందుకుని మేబెల్ నవ్వింది. "నువ్వు తాజుద్దీన్ భాయ్ బిడ్డవు గద? మీ షాపుల గంటకు కిరాయి సైకిల్ తీసుకొనే నేను తొక్కుడు నేర్చుకున్న. మోకాళ్ల మీద ఆ దెబ్బలు ఇంకా ఉన్నయ్."

జెబా మనసు ఒక్క క్షణం మెత్తబడింది. చెయ్యి చాపింది. "కీ ఇయ్యక్కా."

"ప్లాన్ మారింది. నేనే తీస్కపోతున్న. నువ్వు టూర్‌తోని పో. ఇయ్యాల పొద్దున నాష్తా టైమ్‌ల సార్ సొంతంగ ఫోన్ చేసి చెప్పిన్రు."

ఇక్కడ నాష్తా వేళంటే సికింద్రాబాద్‌లో ఆరాధన వేళ. ఫోన్ బీరువాలో, చీఫ్ కోయిర్‌లో.

"సార్ ఇయ్యాల ఎవ్వరికీ ఫోన్ చెయ్యరక్కా," అంది జెబా నెమ్మదిగా. "నీకు సుత తెలిసిన ముచ్చటే. మర్చిపోయినవ్."

నవ్వు అలాగే ఉంది, చేతిలోకి మాత్రం సైలెన్సర్ బిగించిన పిస్తోలు వచ్చింది. "ఇరవై ఏండ్లు ఈ దేశంల ఒక్కదాన్నే ఉన్న. ఎవరన్న ఫోన్ చేసి తిన్నవా అని అడిగిండ్రా? ఈ రింగోళ్లడిగిన్రు. పక్కకు జరుగు."

"జరగ."

"జెబా! నిన్ను కాల్చాలని నాకు లేదు."

"అయితే కాల్చకు. కీ ఇయ్యి. ఆ రేడియో కాడ నా తమ్ముడున్నడు. వాని ప్రాణం నీ పిడికిట్ల ఉంది. నేనెట్ల జరుగుత చెప్పు?"

పిస్తోలు పేలలేదు. మేబెల్ ఆమెను భుజంతో గోడకేసి నెట్టి పరిగెత్తింది. ఎర్ర సైకిల్ ఎక్కి తొక్కింది. చైన్ పాములా జారి కింద పడింది, పెడల్ గిర్రున తిరిగింది. దాన్ని అక్కడే పడేసి, గేటు దగ్గరున్న జెబా సైకిల్ లాక్కుని, గేటు ముందున్న చిన్న ఎత్తు దాటి దిగుడులోకి దూకింది.

జెబా ఎర్ర సైకిల్‌ను లేవనెత్తి, ఎత్తు దాకా తోసుకుంటూ ఉరికి, మీదికి దూకింది. దిగేటప్పుడు చైన్‌తో పనేముంది? పని బ్రేకులతో. ఇవి స్పెయిన్ బ్రేకులు. "ఎడమ ముందు, కుడి వెనక" అని జపం చేస్తూ దిగింది. చేతులు ఎదురుతిరుగుతున్నా వినలేదు.

కింద వంతెనకు ముందు ఒక పెద్ద మలుపు. మేబెల్ గాలిలా దూసుకుపోతోంది. ఆ వేగంలో ఏం జరగబోతుందో జెబాకు కళ్ళ ముందు కనిపించింది.

"అక్కా! కుడి బ్రేక్ పట్టకు! ఎడమది పట్టు!"

మేబెల్ విన్నది. ఒక్కసారి వెనక్కి చూసింది కూడా. ఇరవై ఏళ్ళు అబద్ధం మీద బతికిన మనిషి శత్రువు అరిచిన మాట ఎలా నమ్ముతుంది? స్పెయిన్‌కు అలవాటు పడిన చేత్తో, వెనక చక్రం ఆగుతుందని కుడి బ్రేక్ గట్టిగా నొక్కింది.

ముందు చక్రం బిగుసుకుంది. మేబెల్ గాల్లో తిరిగి గుండ్ల మధ్య పడింది. పిస్తోలు వాగులో మునిగింది. కీ వంతెన రాళ్ళ మీద టంగుమని ఎగిరి, దొర్లుకుంటూ పోయింది. కారులోంచి కోటు మనిషి దిగి దానికోసం పరిగెత్తాడు.

జెబా సైకిల్ వదిలేసి ఉరికింది. కోటు మనిషి వంగాడు. వాడి వేళ్ళు కీని తాకబోతుండగా, ఆమె రెండు చేతులతో ఎత్తిన గుండ్రాయి దాని మీద పడింది. కీ నుగ్గునుగ్గయింది. వాడు చెయ్యి వెనక్కి లాక్కుని బూతులు తిట్టాడు. ఏ భాషో తెలియదు, అర్థం మాత్రం తెలిసింది.

అప్పుడే గుట్ట మీంచి పాకో, వెనక వరసగా టూరిస్టులు బిలబిలమంటూ దిగారు. ఒక్కొక్కరి హెల్మెట్ మీద ఒక్కో కెమెరా. కోటు మనిషి ముఖం దాచుకుని కారెక్కాడు. పైన మెట్టు మీద ఆయాసం తీరని సత్యదేవ్‌కు పారిపోయే ఓపిక కూడా లేదు.

జెబా మేబెల్ పక్కన కూర్చుని, విరిగిన భుజం కింద ఎర్ర స్కార్ఫ్ మడిచి పెట్టింది. కోపం ఉంది, ఏడుపూ వస్తోంది.

"నిజమే చెప్పినవా?" అంది మేబెల్ పళ్ళ బిగువున.

"నిజమే చెప్పినక్కా."

* * *

"నీకిచ్చిన ఆర్డర్ ఏంటి?" యేసురాజు మీసాలు నిక్కబొడుచుకుని ఉన్నాయి.

"కళ్లు మాత్రమే వాడమన్నరు సార్."

"వాడింది?"

"చేతులు సార్. మళ్ల పంపినా గవే వాడుత."

సైనిక్‌పురి ఇంట్లో చీఫ్ ఫైల్లో పేజీ తిప్పాడు. పై పోస్టులన్నిటిలో కోడ్ మార్చడం అయిపోయిందని పొద్దునే కబురొచ్చింది. ఇస్మాయిల్ ఇంటికి ఫోన్ చేసి, చలికి సాక్సులు పంపమని అరగంట సతాయించాడు. జెబాకు అంత తియ్యటి సతాయింపు ఎన్నడూ తెలియదు.

చీఫ్ ఫైలు మూశాడు. గొంతు తగ్గించాడు. "ఒక్కటి చెప్పు, రిపోర్టులో రాయను. నిజం చెబితే మేబెల్ నమ్మదని తెలిసే, అలా అరిచావు కదూ?"

జెబా తలుపు దాకా వెళ్ళి ఆగింది.

"ఆదివారం పూట అన్ని లెక్కలు ఎట్లేస్త సార్? నోటికి నిజమే వచ్చింది."