తగిలించడం మరిచిన గొట్టం

"ముందు బానెట్ తెరువు. సారీలు తర్వాత చెబుదువుగాని!"

రోడ్డు పక్కన ఆగిన కారులోంచి ఆమె వానలోకి దూకింది. షెడ్డు యజమాని కూతురు. ఇంజిన్ల దగ్గర తండ్రికంటే మొండిది. అతను కొత్త మెకానిక్కు. అతను బాగుచేసిన ఈ బండి ట్రయల్‌కి వెళ్ళి సరిగ్గా తిరిగొస్తేనే ఉద్యోగం, లేదంటే రేపట్నుంచి రానక్కర్లేదని పెద్దాయన పొద్దున్నే తేల్చేశాడు. ఉద్యోగం పోతే పోయింది, ఆమెను రోజూ చూడటం పోతుందే! అదీ అతని ఏడుపు.

కాసేపటి క్రితం వరకూ అంతా కలలాగే ఉంది. అద్దం మీద చినుకులు మెల్లగా జారుతున్నాయి. టర్బో సన్నగా ఈల వేస్తోంది. పక్క సీట్లో ఆమె. తన కాలు యాక్సిలరేటర్ మీద ఉందన్న సంగతే అతనికి గుర్తులేదు. గాలి ఒత్తిడి మీటరు ముల్లు ఎర్రగీత దాటాక ఆమె అరుపుకి తెలివొచ్చింది.

ఇప్పుడు టర్బో పక్కన సన్న రబ్బరు గొట్టం వేలాడుతోంది.

"ఇదెందుకు తగిలించలేదు?"

"మర్చిపోయానండీ."

"మర్చిపోతావా! టర్బో ఇంజిన్‌లోకి గాలి కుక్కుతూనే ఉంటుంది. చాలన్న కబురు వేస్ట్‌గేట్‌కి చేరేది ఈ గొట్టంలోంచే. కబురందితే గేటు తెరుచుకుని, టర్బోని తిప్పే పొగని కొంత పక్కదారి పట్టిస్తుంది. అందకపోతే దానికేం తెలుస్తుంది? ఇంజిన్ పేలేదాకా మూసుకునే కూర్చుంటుంది!"

"నాదీ అదే రోగం."

"ఏంటీ?"

"లోపల నిండిపోతోంది. నీకు కబురు చేర్చే గొట్టమే లేదు." ఎప్పుడూ 'మీరు' దాటని నోరు జారింది. "ఇది తగిలించబోతుంటే నువ్వు జుట్టు ముడేసుకుంటున్నావు. చూస్తూ ఉండిపోయాను."

ఆమె వంగి గొట్టం తొడిగి క్లిప్పు బిగించింది. క్లిప్పు ఎప్పుడో బిగిసింది. ఆమె ఇంకా బిగిస్తూనే ఉంది.

"ఇన్నాళ్ళూ నోట్లో ఏం పెట్టుకున్నావు, మొద్దూ?" అంది తలెత్తకుండా. "తాళం ఇటివ్వు. నేను నడుపుతా. నువ్వు తీరిగ్గా చూసుకో."

వాళ్ళు తిరిగొచ్చేసరికి షెడ్డు గుమ్మంలో పెద్దాయన నిలబడి ఉన్నాడు.

"గొట్టం తగిలించడం మర్చిపోయానండీ. తప్పు నాదే," అన్నాడతను దిగీదిగకుండానే.

"అయితే రేపట్నుంచి..."

"రేపట్నుంచి నా పక్కనే పనిచేస్తాడు నాన్నా."

"నీ పక్కనుంటే గొట్టాలేంటి, చక్రాలే మర్చిపోతాడు!"

"గుర్తుచెయ్యడానికి నేను లేనూ?"

పెద్దాయన తడిసిన ఇద్దర్నీ ఎగాదిగా చూశాడు. భుజం మీది తువ్వాలు తీసి అతని మీదికి విసిరాడు.

"తల తుడుచుకో. అల్లుడుగారికి జలుబు చేస్తే ఇక్కడ పనెవడు చేస్తాడు?"