మూడో తరానికో సొంత పగ

"రేపు పదకొండింటికి సంధి మీద సంతకాలు. ఆలోపే శత్రుదేశపు రాయబారిని లేపేస్తారు," అన్నాడు పెద్దాయన, కిటికీ తెర లాగుతూ.

గూఢచారి శాఖ డైరెక్టర్‌ని అందరూ పెద్దాయన అనే అంటారు. ఆయన ఎదురుగా నిలబడ్డది ఏజెంట్ ముప్పై ఒకటి. ఆ నంబర్ అతని తాతది. తాత పోయాక నాన్నకి, నాన్న పోయాక ఇతనికి వచ్చింది. అదే బల్ల, అదే కుర్చీ, అరవై రెండేళ్లుగా అదే యుద్ధం. ఇతని ఆరేళ్ల కూతురి పేరు కూడా అప్పుడే వెయిటింగ్ లిస్టులో ఉంది.

"ఎవరు సార్ చంపేది?"

"ఆయుధాలమ్ముకునే విదేశీ ముఠా. యుద్ధం ఆగితే వాళ్ల కొట్టు మూతపడుతుంది. చదువమ్మా."

కోడ్ సెక్షన్ ఆవిడ తాము పట్టిన మెసేజ్ చదివింది. "కిల్లర్ హోటల్ యూనిఫాంలో ఉంటాడు. ఆయుధం జేబులో పట్టేంత చిన్నది. పని లిఫ్ట్‌లో జరగాలి."

"అందుకే రేపు లిఫ్ట్‌మన్‌వి నువ్వే." పెద్దాయన ఒక పెన్ను ముందుకు తోశాడు. క్యాప్ పూర్తిగా తిప్పితే ఒక్క బుల్లెట్. "అనుమానం వస్తే నన్నడగక్కర్లేదు, కానిచ్చెయ్." ఆయన నిట్టూర్చాడు. "యుద్ధాన్ని మొదటి తరం జెండా చూసి మోస్తుందయ్యా. రెండో తరం తండ్రి చావు తలుచుకుని మోస్తుంది. మూడో తరానికి ఆవలింతలొస్తాయి. ఎవడికివాడికి సొంత పగ లేకపోతే, ఈ కాలంలో ఏ దేశమూ ఇంకో తరం లాగలేదు."

ముప్పై ఒకటికి సగమే వినపడింది. మిగతా బుర్రంతా కోటు జేబులోని మూడు ఫోటోల మీద ఉంది.

ఎవరో తలుపు కిందనుంచి తోసిన ఫోటోలు. మూడింట్లోనూ అతని భార్య, ఆ రాయబారి. ఆమె శాఖలో డబుల్ ఏజెంట్. మన రహస్యాలు అమ్ముతున్నట్టు నటిస్తూ వాళ్లవి తెస్తుంది. కాబట్టి రాయబారిని కలవడం డ్యూటీయే. కానీ డ్యూటీలో అంతలా నవ్వమని ఏ మాన్యువల్లో ఉంది? తొమ్మిదేళ్ల కాపురంలో అతన్ని చూసి ఆమె అలా నవ్వింది రెండేసార్లు. అందులో ఒకటి అతను మెట్ల మీంచి పడ్డప్పుడు. పైగా ఆ రాయబారికి యాభై ఏళ్లొచ్చినా ఉంగరాల జుట్టు. ముప్పై ఐదుకే ఇతని నుదురు నడినెత్తికి చేరింది. ఒళ్లు మండిపోయింది. అసూయ అని ఒప్పుకోడానికి సిగ్గేసి, దేశభక్తి అని పేరు పెట్టుకున్నాడు.

మర్నాడు పది యాభై రెండు. ఎర్ర యూనిఫాం, టోపీ, అతికించిన మీసం. రాయబారి లిఫ్ట్ ఎక్కాడు. వెనకే దుబాసీ వేషంలో ఆమె. సెంటు వాసన ఎవరిదో తెలీక ముప్పై ఒకటికి ఇంకా మండింది.

"ఏడో అంతస్తు."

తలుపులు మూసుకున్నాయి. నలభై సెకన్ల ప్రయాణం.

"మనం గొడుగు తెచ్చుకోవాల్సింది," అంది ఆమె గాల్లోకి. అది శాఖ కోడ్. ఆగు, ద్రోహి మనలోనే ఉన్నాడు అని అర్థం. ముప్పై ఒకటికి మాత్రం అందులో "మనం" ఒక్కటే వినపడింది.

మూడో అంతస్తు దాటింది. రాయబారి ఆమె భుజం మీద దారప్పోగు చూసి మెల్లగా తీశాడు. అంతే. ముప్పై ఒకటి పెన్ను లాగి క్యాప్ సగం తిప్పాడు. రెండో చేత్తో ఫోటోలు తీసి ఆమె కాళ్ల దగ్గర విసిరాడు.

"ఇవేంటి?" అని అరిచాడు.

"ఏమండీ, ఆగండి!"

అతను కిందకి చూశాడు. మూడు ఫోటోలకీ ఎడమ మూల కత్తిరించి ఉంది. బయటికి పోతే ఆనవాలు దొరకాలని శాఖ ల్యాబ్‌లో ప్రతి ప్రింట్‌కీ అలాగే కత్తిరిస్తారు. ఆ ల్యాబ్ తాళం ఉండేది పెద్దాయన దగ్గర. మూడు వారాలుగా ఈ ఫోటోలు వందసార్లు చూశాడు. ముఖాలే చూశాడు.

తలెత్తితే ఎదురుగా అద్దం. అందులో ఒక మనిషి. హోటల్ యూనిఫాం, చేతిలో జేబులో పట్టే ఆయుధం, లిఫ్ట్‌లో. కిల్లర్ ఎవరో అప్పుడు అర్థమైంది. సొంత పగ ఎవరికి కుట్టించారో కూడా. అప్పటికే వేళ్లు క్యాప్‌ని పూర్తిగా తిప్పేస్తున్నాయి. ఆఖరి క్షణంలో మణికట్టు పైకి విరిచాడు. బుల్లెట్ లిఫ్ట్ కప్పులో దిగింది. రాయబారి ఉంగరాల జుట్టు నిండా దుమ్ము.

ఏడో అంతస్తులో తలుపులు తెరుచుకున్నాయి. పెద్దాయన ఇద్దరు ఫోటోగ్రాఫర్లతో సిద్ధంగా ఉన్నాడు. రాయబారిని ప్రాణాలతో చూసి ఆయన మొహం మాడిపోయింది.

"సంతకాలు అటు హాల్లో కదా సార్," అన్నాడు ముప్పై ఒకటి. "లిఫ్ట్ దగ్గర ఎవరి ఫోటో కోసం?"

పెద్దాయన వెనక్కి అడుగేశాడు. ఆమె చెయ్యూపగానే గార్డులు ఆయన్ని చుట్టుముట్టారు. "మన ఆఫీసులో ముఠా మనిషి కోసం మూడు నెలలుగా వెతుకుతున్నాం," అంది ఆమె రాయబారిని చూపిస్తూ. "నేనూ, ఈయనా."

ఆ "ఈయనా" ముప్పై ఒకటికి ముల్లులా గుచ్చుకుంది.

పదకొండింటికి సంతకాలయ్యాయి. అరవై రెండేళ్ల యుద్ధం అయిదు నిమిషాల్లో ఆగిపోయింది. అతను ఆఫీసుకి ఫోన్ చేసి వెయిటింగ్ లిస్టులోంచి కూతురి పేరు కొట్టేయించాడు.

ఆమె వచ్చి పక్కన నిలబడింది. ఊడిపోతున్న మీసం పీకి అతని జేబులో పెట్టింది. "రాత్రి మనిద్దర్నీ రాయబారిగారు భోజనానికి పిలిచారండీ. శాంతి వచ్చేసిందిగా, వెళ్దామా?"

ముప్పై ఒకటి హాలు వైపు చూశాడు. రాయబారి జుట్టులో దుమ్ము దులుపుకుంటున్నాడు. దులిపినకొద్దీ ఆ ఉంగరాలు ఇంకా నిగనిగలాడుతున్నాయి.

"సంతకాలు పెట్టింది రెండు దేశాలు," అన్నాడు. "నేనింకా పెట్టలేదు."