గుడ్డ కట్టిన ఇప్పచెట్టు

"రెండు హెల్మెట్లు తెచ్చారు. ఇడ్లీలు కట్టించుకొచ్చారు. మాటలొక్కటే ఇంట్లో మరిచిపోయారా, ఈశ్వర్ గారూ?"

మా పేట గుఢియారీలో బండెక్కినప్పటి నుంచీ లహరిది ఇదే వరస. ఆరంగ్ చేరేదాకా నేను బండి మాత్రమే నడిపాను.

మర్నాడు నేను నాగ్‌పూర్ వెళ్లాలి. రైల్వేలో కొత్త ఉద్యోగం, ఆరు నెలల ట్రైనింగ్. ఆదివారం లహరి పెళ్లిచూపులకి విజయనగరం నుంచి ఎవరో వస్తున్నారు. మా నాన్న గ్యాంగ్‌మన్. మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనొక్కణ్ణే. ఉద్యోగం పర్మనెంటయ్యాకే లహరి నాన్న కోటయ్యగారి ముందు నిలబడాలని నా పట్టుదల.

పాత రాతిగుడి చూశాం. ఊరు దాటి అడవిలోకి నడిచాం. చెట్ల కింద తియ్యటి మత్తు వాసన. లహరి వంగి, రాలిన ఇప్పపూలు చున్నీలోకి ఏరడం మొదలుపెట్టింది.

"ఏయ్ నోనీ, ఓ పిల్లా! ఆ చెట్టు నాది!" బుట్టతో ఒక ముసలమ్మ వచ్చింది.

"తెలీలేదు దాయీ." లహరి పూలన్నీ ఆవిడ బుట్టలో పోసేసింది.

"గుడ్డ కట్టాను, కనబళ్లేదా?" మానుకి కట్టిన ఎర్ర పేలిక చూపించింది. "గుడ్డుంటే ఇంకెవరూ ఏరరు."

"కట్టకపోతే?"

"ముందొచ్చినవాళ్లది."

లహరి నావైపు తిరిగింది. "విన్నారా? విజయనగరం వాళ్లు ఆదివారం పొద్దున్న పదింటికే దిగుతారట."

నవ్వుతూనే అంది. కళ్లు మాత్రం నవ్వలేదు.

తిరిగొస్తుంటే తను ముందు నడిచింది. జడలో ఒక ఇప్పపువ్వు చిక్కుకుని ఉంది. ఆరు నెలలు ఆ జడ కనబడదు. పక్కనుండగానే ఇంత బెంగైతే, రేపు రైల్లో నా గతేమిటి?

"లహరీ, ఆగు. చెయ్యి ఇలా ఇయ్యి."

జేబులోంచి చేతిరుమాలు తీసి తన మణికట్టుకి కట్టాను.

తను చెయ్యి తిప్పి చూసుకుంది. తర్వాత, "ముడి వదులుగా ఉంది," అంది.

"మీ నాన్నగారిని అడిగాక బిగిస్తాను."

"ఆరు నెలల తర్వాతా?"

"ఇవాళే. ఆయన డ్యూటీ ఎన్నింటికి దిగుతారు?"

"రెండింటికి."

"హెల్మెట్ పెట్టుకో."

భన్‌పురిలో ఆయన పనిచేసే ఫ్యాక్టరీ గేటు ముందు బండి ఆపాను. సైరన్ మోగింది. టిఫిన్ డబ్బా పట్టుకుని కోటయ్యగారు బయటికొస్తున్నారు.

పక్కన లహరి రుమాలు కొస పంటితో పట్టుకుని, ముడి తనే గట్టిగా బిగించేసుకుంది.

నేను ఎదురెళ్లాను.