యాళి కళ్లు

మనోజ్ఞ వాళ్ల హాల్లో సృజన్ మూడోసారి కుర్చీకి గుద్దుకున్నాడు. మనోజ్ఞకు ఒళ్లు మండిపోయింది.

"ఏం కనిపిస్తలేదు మనోజ్ఞా," అన్నాడు మాస్క్ లోపల్నించి.

"సరిగ్గా చూస్తే కనిపిస్తుంది," అంది మనోజ్ఞ.

రేపే స్కూల్ వార్షికోత్సవం. వాళ్ల క్లాసు వేసే నాటకంలో సృజన్‌ది యాళి వేషం. గుడి స్తంభాల మీద ఉంటుందే, సింహం ఒళ్లు, ఏనుగు తొండం, అదే. స్టేజీ మీద బల్ల ఎక్కి దూకాలి. యాళి మాస్క్ చేసే పని, క్లాసులో అందరికంటే బాగా బొమ్మలేసే మనోజ్ఞకు దక్కింది. వారం కూర్చుని అట్ట మీద కోరలు, జూలు గీసింది. తొండం మొదలు దగ్గర బంగారు రంగు లతలు వేయడానికే రెండు రోజులు పట్టింది. ఏనుగుకున్నట్టు పక్కలకి ఎర్రటి కళ్లు వేసి, వాటిలో చూడటానికి రంధ్రాలు చేసింది.

ఒకసారి పెట్టుకుని చూస్తానని సృజన్ నాలుగుసార్లు అడిగాడు. చెమట చేతులతో రంగు చెడగొడతాడని ఆమె ముట్టుకోనివ్వలేదు. ఇప్పుడేమో ఈ నస. ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది వీడి వరస అనుకుంది.

అప్పుడే తాతయ్య ఫిల్మ్ నగర్ నుంచి వచ్చారు. సినిమాల్లో రాక్షసులకీ వింత జంతువులకీ ముఖాలు తయారుచేయడం ఆయన పని. మనవరాలి ఫిర్యాదంతా విని, మాస్క్‌ని తిప్పి తిప్పి చూసి, బొమ్మ బాగుందన్నారు.

"రంగు వేయకముందు వీడికి పెట్టి చూశావామ్మా?"

మనోజ్ఞ తల అడ్డంగా ఊపింది. తాతయ్య కోప్పడలేదు. స్టూడియోలో అయితే ముందు ఒట్టి అట్టే ముఖానికి పెట్టి, కళ్లెక్కడున్నాయో వేషం వేసే మనిషినే అడుగుతామని, ఆ తర్వాతే కుంచె పడతామని చెప్పి కాళ్లు కడుక్కోవడానికి వెళ్లిపోయారు.

అంటే తప్పు తనదా? మనోజ్ఞకు ఉక్రోషం వచ్చింది. తేల్చేద్దామని మాస్క్ తనే పెట్టుకుంది. లోపలంతా చీకటి. రంధ్రాలు ఎక్కడో చెవుల దగ్గరున్నాయి. రెండడుగులు వేసిందో లేదో, టీపాయ్ అంచు మోకాలి చిప్పకు ఠప్పున తగిలింది.

మాస్క్ తీసి చూస్తే, సృజన్ మోకాలు అప్పటికే గీసుకుపోయి ఉంది. వాడు ఆ మాటే ఎత్తలేదు. మనోజ్ఞకు సిగ్గేసింది.

"పెట్టుకో. నీ కళ్లెక్కడున్నాయో వేలు పెట్టి చూపించు."

సృజన్ వేలు సరిగ్గా బంగారు లతల మీద ఆగింది. ఉబ్బెత్తుగా ఉన్న రంగు తడిమి చూసి అదేమిటో గుర్తుపట్టాడు.

"గాడ కొయ్యకు. మంచిగున్నది గద."

మనోజ్ఞ పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుని, మాస్క్ తీసుకుని కత్తెర అందుకుంది. చెయ్యి ఒక్క క్షణం ఆగింది. తర్వాత లతల మధ్య నుంచి గుండ్రంగా కోసేసి, మళ్లీ వాడి చేతికిచ్చింది.

"ఇప్పుడు?"

"ఒక్క కంటికి నువ్వు కనిపిస్తున్నవ్."

"అయితే కదలకుండా నిలబడు. రెండోది ఎక్కడో చూపించు," అంది మనోజ్ఞ విసుగ్గా.